మోగని ఫోను

మూడు రోజుల్నించి ఫోనుకి ఒకటే మెసేజి.
నాకు చదువు రాదు.
మిర్చి యార్డులో కాటా రాసే గుమస్తా చేతికిచ్చాను.
ఆయన కళ్ళజోడు పైకి తోసి, బిగ్గరగా,
బస్తాల లెక్క చదివినట్టే చదివాడు:
"మీ అబ్బాయి బాజీ ఈరోజు పాఠశాలకు హాజరు కాలేదు."
చుట్టూ తేజా బస్తాలు. తుమ్ములు. నవ్వులు.

హాజరంటే ఏంటో నాకు తెలుసు.
ముఠాలో మేస్త్రీ రోజూ పిలుస్తాడు,
పలక్కపోతే ఆ రోజు కూలి లేదు, అంతే.
బళ్ళో పలక్కపోతే ఏం పోద్దో
తూచి చెప్పే కాటా మా యార్డులో లేదు.

సాయంత్రం మూడొంతెనల దగ్గర దొరికాడు.
సంచీ భుజానే ఉంది.
బళ్ళో పెట్టే గుడ్డు కూడా వదులుకుని
రైళ్ళు లెక్కపెడుతున్నాడు.
చెయ్యెత్తాను.
ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.
జాలి కాదు.
పొద్దుట్నించీ మిరప బస్తాలు మోసిన చెయ్యి,
చెంపకి తగిలితే రాత్రంతా వాడి కళ్ళు మండుతాయి.
ముద్దుకీ పనికిరాదు, దెబ్బకీ పనికిరాదు.
మోచేత్తో వాడి భుజం నెట్టుకుంటూ నడిపించాను.

"ఎందుకు పోవట్లేదురా?"
"ఆ రాహేలు... అదెవత్తి నన్ను నిలబెట్టడానికి?"

ఒళ్ళు ఝల్లుమంది.
ఆ 'అదెవత్తి' నాది.
తొడిమలు తీసే ఆడోళ్ళని నేననే మాట,
కూరలో ఉప్పు తగ్గితే కోటమ్మని నేననే మాట,
కరెంటు బిల్లు కొట్టే పిల్లని కూడా.
గొంతు ఇంకా లేతగానే ఉంది వాడికి.
మాట మాత్రం నా నోట్లోంచి జారి
గుమ్మం దగ్గర పడుంటే ఏరుకున్నాడు.

ఇంటికెళ్ళి మూడుసార్లు చేతులు కడుక్కుని,
కొబ్బరినూనె రుద్దుకుని,
"కోటమ్మా, కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాను.
చెంబు ఆమె చేతిలోనే ఆగింది.
"తాగొచ్చావా?" అంది.
బాజీగాడు నోట్లో ముద్దతో ఫక్కున నవ్వాడు.
నేనూ నవ్వాను.
నవ్వి, మళ్ళీ అట్టాగే అడిగాను.
రెండోసారికి నీళ్ళిచ్చింది.

మర్నాడు మొదటి లారీ వదిలేసి
వాడితో బడి గేటు దాకా పోయాను.
రాహేలు టీచరు వరండాలో ఉంది,
నాకంటే పదేళ్ళు చిన్నదేమో.
తలగుడ్డ విప్పి "నమస్కారమమ్మా" అన్నాను.
ఆమె తుమ్మింది. నా చొక్కా ఘాటు.
రెండడుగులు వెనక్కి జరిగాను.
ఆమే ముందుకొచ్చి
"బాజీ నాన్నగారా? రండి" అంది.
నా ఎనక ఎవరన్నా ఉన్నారేమోనని చూశాను.
వాడు నన్నే చూస్తున్నాడు.

"ఎక్కాలు రాక నిలబెట్టలేదండీ.
ముందు బెంచీ అమ్మాయిని ఏదో అన్నాడు."
ఏమన్నాడో అడగలేదు.
"నా దగ్గర్నించే తెచ్చుకున్నాడమ్మా" అన్నాను.
ఇన్నేళ్ళలో ఏ బస్తా ఎత్తినా
మెడ నరాలు అంత బిగుసుకోలేదు.

రోజూ పోతున్నాడా అంటే,
ఎక్కువ రోజులు పోతున్నాడు.
శనివారం కడుపునొప్పి.
నిన్న చెప్పు తెగిందన్నాడు.
నా చెప్పులు కూడా ఇప్పి చేతిలో పట్టుకుని
ఇద్దరం ఉత్త కాళ్ళతో నడిచాం.
దారి పొడుగునా నాతో మాట్లాడలేదు.
సాయంత్రం కరెంటు బిల్లు పిల్లొస్తే
"అక్కొచ్చింది" అన్నాడు.
ఎందుకో తలుపు మాత్రం దబాల్న వేశాడు.

రాత్రి ఫోను టింగుమంది.
గుండె గుభేలుమంది నాకు,
ఇవాళ గేటు దాకా నేనే దింపొచ్చానుగా!
గుమస్తా లేడు. వాడి చేతికే ఇచ్చాను.
తెర మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు:
"మీ... ప్యాకు... గడువు... రేపటితో... ముగుస్తుంది.
రీఛార్జి, నాన్నా."
"మొదటి మాట మళ్ళీ చదువు."
"మీ."
"ఆఁ?"
"ఫోన్లో అట్టా రాసుందిలే" అని
గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రేపు కూడా మొదటి లారీ పోద్ది.
పోనీ.